ఎర్ర మూత సీసాలు

ఆ ఏడాది టమాటాలు అడిగే దిక్కు లేక రోడ్ల పక్కన పారబోశారు. మార్కెట్టు దాటి మా శిక్షణ కేంద్రానికి వెళ్ళే దారంతా ఎర్రటి బురద. లారీ చక్రాల కింద నలిగి, ఎండకి పులిసి, నురగ కట్టి, ఆ నురగ మీద ఈగలు ముసిరేవి. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, గేటు దగ్గర కుళాయి కింద చెప్పులు కడుక్కుని గానీ లోపలికి పోయేదాన్ని కాదు. పళ్ళూ కూరగాయలూ చెడిపోకుండా నిలవ చెయ్యడం నేర్పడమే నా ఉద్యోగం. జాములు, రసాలు, సాసులు, ఉప్పునీళ్ళలో ఊరేసేవి, ఎండబెట్టేవి. అంత సరుకు కళ్ళముందు కుళ్ళిపోతుంటే ఎవరో పనిగట్టుకుని నన్నే తిడుతున్నట్టు ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తగారు మొదలుపెట్టింది.

"ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పుతావు. ఇంట్లోవాడు కనిపించడా అమ్మాయ్ నీకు?"

ఇంట్లోవాడంటే మా మరిది. ముప్ఫైకి దగ్గరపడ్డా అందరికీ బుజ్జులే. ఫోన్లు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు, వదిలేశాడు. ఏసీలు బిగించడం నేర్చుకున్నాడు, వదిలేశాడు. ఏ పనైనా ఇట్టే పట్టేస్తాడు, అంత తొందరగానూ మొహం మొత్తుతుంది. చిన్న కొడుకు ఏం వదిలేసినా మా అత్తగారికి ఆ పనిదే తప్పుగా కనిపించేది.

"నేర్పుతాను అత్తయ్యా. కానీ నా క్లాసుకి పొద్దున్నే రావాలి. గోళ్ళు కత్తిరించుకుని రావాలి. జుట్టుకి టోపీ పెట్టుకోవాలి."

"టోపీ దేనికి వదినా, నువ్వు చెబితే గుండే చేయించుకుంటాను" అన్నాడు బుజ్జులు.

అందరం నవ్వాం. నవ్వించడం అతనికి బాగా తెలుసు. మా ఆయన కూడా, తన ప్రింటింగు ప్రెస్సులో సిరా అంటిన వేళ్ళు కంచంలో ఆపి మరీ నవ్వాడు.

బుజ్జులు నిజంగానే వచ్చాడు. గోళ్ళు కత్తిరించుకుని, చొక్కా చేతులు మడిచి, ముందు వరసలో నిలబడ్డాడు. మొదటి పాఠం ఎప్పుడూ ఏరడమే. బల్ల మీద ఒక బుట్ట పళ్ళు కుమ్మరించి ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో చూపిస్తాను. మిగతావాళ్ళు పళ్ళు చూస్తుంటే అతను నా చేతులు చూస్తున్నాడు.

"మచ్చ ఉన్నంత మేర కోసి పారేస్తే సరిపోదా వదినా?"

"సరిపోదు. పైకి కనిపించేది బూజు మొహం మాత్రమే. దాని పోగులు లోపలికంటా పాకి ఉంటాయి. పండుకి పండూ పారెయ్యాల్సిందే."

"మరిగిస్తే చస్తుందిగా?"

"బూజు చస్తుంది. అది లోపల వదిలిపెట్టిన విషం చావదు. ఎంత మరిగించినా ఉంటుంది."

"కంటికి కనిపిస్తుందా అది?"

"కనిపించదు. అందుకే ముందే పారెయ్యమంటున్నాను."

మంచి ప్రశ్నలు అనుకున్నాను. ఇన్నేళ్ళలో అంత వరసగా ఆలోచించే విద్యార్థి దొరకలేదు నాకు. వేణ్ణీళ్ళలో ముంచి, వెంటనే చన్నీళ్ళలో వేసి తొక్క ఊడదీయడం ఒక్కసారి చూసి నేర్చుకున్నాడు. గుజ్జు జల్లెడ పట్టాడు. మసాలాలు పల్చటి గుడ్డలో మూట కట్టి మరిగే గుజ్జులో వేలాడదీశాడు. వెనిగర్ చివర్లో ఎందుకు పోయాలో, పులుపు ఎంత ఉందో కాగితం ముక్క రంగు చూసి ఎలా చెప్పాలో, ఉడికిందా లేదా తెలియాలంటే పళ్ళెంలో చుక్క వేసి చుట్టూ నీరు ఊరుతుందేమో ఎలా చూడాలో, అన్నీ పట్టేశాడు. సీసాలు మరిగించి, సాసు వేడిగా ఉండగానే పోసి, పైన కాస్త ఖాళీ వదిలి మూత బిగించి బోర్లించాడు.

"బోర్లించడం దేనికి?" అడిగాను, పరీక్షగా.

"ఆ వేడి మూత లోపలికి కూడా తగలాలి. అక్కడేమన్నా నక్కి ఉంటే చస్తుంది."

"మూత పైకి ఉబ్బిందంటే?"

"లోపల ఏదో బతికే ఉంది, గాలి వదులుతోంది. సీసా తెరవకుండా పారెయ్యాలి."

అతని భుజం తట్టాను. ఆ పూట చేసిన సాసు నిజంగా బాగుంది. ఎర్రగా, చిక్కగా, నాలుక మీద పండు రుచి నిలిచేలా. ఇంటికి తెస్తే మా అత్తగారు రొట్టె మీద రాసుకుని కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. బుజ్జులు బస్సు డిపో వెనక ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. అందులో అంతకుముందు పాత టైర్లకు కొత్త రబ్బరు వేసేవాళ్ళట, గోడలన్నీ మసి. సున్నం కొట్టించాడు. పెద్ద గిన్నెలు, పొయ్యిలు, జల్లెడ మిషను తెచ్చాడు. పనికి ఆడవాళ్ళను పెట్టుకున్నాడు. లేబుళ్ళు మా ఆయన ప్రెస్సులోనే అచ్చయ్యాయి. 'అమ్మ చేతి సాస్' అని పేరు, దాని కింద నవ్వుతున్న మా అత్తగారి ఫోటో.

ఆ ఫోటో కోసం ఆవిడ పొద్దుటి నుంచీ తయారైంది. పళ్ళు కనిపించేలా నవ్వాలా, పెదాలతో నవ్వాలా అని నన్నే అడిగింది. లేబుళ్ళు కట్టలు కట్టలుగా ఇంటికి వస్తే ఒకటి తీసి అద్దం అంచున అంటించుకుంది. పక్కింటావిడని పిలిచి చూపించింది. "నా మొహం ఇంతమంది ఇళ్ళల్లోకి వెళ్తుందని ఎప్పుడైనా అనుకున్నానా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడని చూస్తే నాకూ ముచ్చటేసింది.

మా ఇంటికి బుజ్జులు ఒక పెట్టెడు సీసాలు పంపాడు. వాటికి తెల్ల మూతలు. కొట్లలో ఎర్ర మూతలు కనిపించేవి. ఎర్రవి తక్కువ వచ్చాయి కాబోలనుకున్నాను. అంతకు మించి ఆలోచించాల్సిన సంగతిగా తోచలేదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం మా వీధి చివర కొట్టతను నన్ను ఆపాడు. కౌంటరు కింద నుంచి ఒక సీసా తీసి ముందు పెట్టాడు.

"మీవాళ్ళదేగా మేడమ్. ఏంటో చూడండి. మూత నొక్కితే టకటకమంటోంది."

ఎర్ర మూత నడుమ బుడిపెలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగి, వేలు తియ్యగానే మళ్ళీ లేచింది. దాని కింద లేబుల్ మీద మా అత్తగారు పెదాలతో నవ్వుతోంది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"బోలెడు. మీ మరిది వచ్చి పట్టుకుపోయి వేరేవి ఇస్తున్నాడులెండి. మనిషి మంచోడు, మారు మాట్లాడడు."

ఆ సీసా అడిగి తీసుకుని, ఇంట్లో విడిగా దాచాను. మర్నాడు కేంద్రానికి సెలవు పెట్టి, చెప్పకుండా షెడ్డుకి వెళ్ళాను.

వీధి మలుపు తిరగకముందే వాసన తగిలింది. పుల్లగా, తియ్యగా, ఎక్కడో ఎలుక చచ్చినట్టు. తలుపు పక్కన బుట్టలు పేర్చి ఉన్నాయి. అవి మార్కెట్టులో కొన్న పళ్ళు కావు. సాయంత్రం పారతో ఊడ్చి పోగేసిన చెత్త. కాయల మధ్య గడ్డీ, గోనె పీచూ, ఒక సిగరెట్టు పీక. పైవి చితికి కిందవాటి మీద కారుతున్నాయి. ఒక పండు పట్టుకుంటే తొక్క నా వేళ్ళకి జారి వచ్చేసింది, లోపల అంతా బూడిద రంగు నూగు.

పనివాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఆ బుట్టల్ని అలాగే తొట్టిలో కుమ్మరిస్తున్నారు. ఏరేవాళ్ళు ఎవరూ లేరు. మూల ఒక నీలం డ్రమ్ములో గుజ్జు నిలవ ఉంది. దానిమీద వేలెడు మందాన నురగ. ఆ నురగలో తెల్లగా ఏవో కదులుతున్నాయి. మొదట టమాటా గింజలనుకున్నాను. గింజలు కదలవు.

"వదినా! చెప్పి రావచ్చుగా, కూల్ డ్రింకు తెప్పించేవాణ్ణి" అంటూ ఎదురొచ్చాడు బుజ్జులు. టోపీ పెట్టుకున్నాడు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

"పురుగులు, బుజ్జులూ."

"అవి జల్లెడలో ఆగిపోతాయిలే."

గోడ పట్టుకుని నిలబడ్డాను. అతను స్టూలు తెచ్చి వేశాడు, కూర్చోమన్నాడు, నా మొహం మీద అట్టముక్కతో విసిరాడు. విసురుతూనే షెడ్డంతా చూపించడం మొదలుపెట్టాడు, నేనేదో మెచ్చుకోవడానికి వచ్చినట్టు. ఒకావిడ కొట్ల నుంచి తిరిగొచ్చిన సీసాలు విప్పుతోంది. ఒక్కో మూతా ఫుస్సుమంటోంది. ఆ సాసంతా మళ్ళీ మరిగే గిన్నెలోకే పోతోంది.

"గాలి పోగొట్టి, మళ్ళీ మరిగించి, కొంచెం కొత్తది కలిపితే ఎవరికీ తెలీదు. పులిసిన వాసనకి వెనిగర్. అదీ ఆగకపోతే లవంగం, ఉల్లి పొడి. రంగు తేలిపోతే రంగు. నిలవ ఉండే మందు కాస్త చెయ్యి జార్చి వేస్తా, చిటికెడు కాదు. నువ్వే చెప్పావుగా వదినా, ఏది దేనివల్ల చెడుతుందో. అది తెలిస్తే చెడింది చెడినట్టు కనపడకుండా చెయ్యడం ఎంతసేపు?"

"నేను చెప్పింది అందుకా?"

"నువ్వు ఎందుకు చెప్పావో నీ ఇష్టం. నాకు పనికొచ్చింది నేను పట్టుకున్నా." నవ్వాడు. అదే నవ్వు, భోజనాల దగ్గర నవ్వే నవ్వు. "అసలు నీకంటే బాగా చెప్పేవాళ్ళు లేరు. నిజంగా."

"పిల్లలు తింటారు దీన్ని."

"ఎంత తింటారు? రెండు చుక్కలు. సీసా ఎత్తి తాగుతారా ఎవరైనా?"

వెనక్కి తిరిగి బయటికి నడిచాను. అరిచే ఓపిక కూడా లేదు. ఇంటికొచ్చి ఒంటికి సబ్బు రాసుకుని, కడుక్కుని, మళ్ళీ రాసుకున్నాను. జుట్టులోంచి ఆ వాసన పోలేదు. అన్నం కలుపుకుంటే వేళ్ళ మధ్య ఆ తొక్క జారుతున్నట్టే అనిపించి కంచం పక్కకి నెట్టేశాను.

మా ఆయనతో ప్రెస్సులోనే చెప్పాను, మెషిను ఆపించి. చుట్టూ తీగల మీద అత్తగారి మొహాలు ఆరుతున్నాయి. అంతా విన్నాడు. ఒక లేబుల్ అంచు సరిగా తెగలేదని చేత్తో చింపుతూ కూర్చున్నాడు.

"వాడిప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడు" అన్నాడు చివరికి.

"దేని మీద నిలదొక్కుకుంటున్నాడండీ? ఆ డ్రమ్ము మీదా?"

"నేను మాట్లాడతాగా. నువ్వు అమ్మతో ఏం అనకు."

మాట్లాడాడు. మానేస్తానన్నాడని వచ్చి చెప్పాడు. చెప్తూ నా వైపు చూడలేదు. బుజ్జులు మానడని నాకు తెలుసు, మానడని ఆయనకీ తెలుసు, ఆయనకి తెలుసన్న సంగతి నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. అంతమాత్రం దానికే ఆ సంభాషణ అయిపోయినట్టు భుజాలు దులుపుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ పూట ఆయన తువ్వాలు అందించాలన్నా నాకు చెయ్యి రాలేదు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే. వంటింట్లో ఉన్న సీసాలన్నీ తీసి, మూతలు విప్పి, సింకులో పారబోశాను. గుడగుడమనే చప్పుడుకి అత్తగారు వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"ఇవి తినకూడదు అత్తయ్యా. మీరు ఆ షెడ్డుకి ఒక్కసారి రండి. మీ కళ్ళతో చూడండి."

ఆవిడ సింకు వైపు చూసింది. అందులో ఎర్రగా తిరుగుతూ దిగిపోతోంది.

"నా కొడుకు బాగుపడుతుంటే నీకెందుకమ్మా ఇంత కుళ్ళు?"

ఇంకో రోజైతే ఏడ్చేదాన్నేమో. ఆ రోజు నవ్వొచ్చింది. "కుళ్ళే అత్తయ్యా. మీరన్న మాట అక్షరాలా నిజం" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. మంచినీళ్ళు కావాలన్నా కొడుకునే అడిగేది.

ఆదివారం బుజ్జులు భోజనానికి వచ్చాడు. అత్తగారే స్వయంగా వండింది. ఉడకబెట్టిన గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు, రొట్టె. అందరం కూర్చున్నాక ఆవిడ లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి బల్ల మధ్యలో టక్కున పెట్టింది. ఎర్ర మూత.

"ఇంట్లో ఉన్నవి కొందరు పారబోశారు" అంది నా వైపు చూడకుండా. "అందుకని కొట్టుకెళ్ళి నేనే కొన్నా. అక్కడ నలుగురూ నన్ను గుర్తుపట్టారు తెలుసా? 'అమ్మా, మీరేగా ఈ బొమ్మలో' అని."

రొట్టె కోసం చాచిన బుజ్జులు చెయ్యి మధ్యలో ఆగింది. మూత వైపు చూశాడు. తర్వాత రొట్టె తీసుకున్నాడు.

"అత్తయ్యా, వద్దు" అన్నాను. "ఇది తినకండి. నా మాట మీద కోపం ఉంటే ఇంకోలా తీర్చుకోండి."

"నువ్వు ఊరుకోమ్మా." సీసా వంచి గుడ్ల మీద పోసుకుంది. చిక్కగా పడలేదు. పల్చగా జారి కంచమంతా పాకింది. "నువ్వు వేసుకోవేంట్రా బుజ్జులూ? నీ చేత్తో చేసింది."

"కడుపు బాలేదమ్మా" అన్నాడు.

"పెద్దోడా, నువ్వు?"

మా ఆయన గుడ్డు పెంకు వలుస్తున్నాడు. అదెంత వలిచినా తెమలడం లేదు. "నాకు వద్దులే" అన్నాడు.

నేను ఆవిడ కంచం లాగబోయాను. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. కాసేపు అలా లాక్కున్నాం, చిన్నపిల్లల్లాగా. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వదిలేసి బుజ్జులు మొహంలోకి చూశాను. వద్దమ్మా అని ఒక్క మాట అంటే ఆవిడ ఆగుతుంది. నేనంటే ఆగదు, అతనంటే ఆగుతుంది. అతను రొట్టె ముక్క తుంచి, నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలాడు. వాళ్ళమ్మ చివర రొట్టెతో కంచం తుడుచుకుని తినేదాకా నములుతూనే కూర్చున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి ఆవిడకి వాంతులు, విరేచనాలు. లేచి నడవలేక మంచం మీదే అయిపోయింది. గుడ్డలు మార్చింది నేనే, బకెట్టు కడిగింది నేనే. అంత నీరసంలోనూ "గుడ్డు పడలేదమ్మా" అంది నాతో. చాలా రోజుల తర్వాత నాతో మెత్తగా అన్న మొదటి మాట అది.

ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. భయం లేదు, పెద్దవయసు కదా జాగ్రత్తగా చూసుకోవాలి అన్నారు. కాసేపటికి బుజ్జులు వచ్చాడు. గుమ్మంలోంచి తొంగి చూసి, "ఎండదెబ్బ" అని నర్సుతో తనే చెప్పాడు. తర్వాత వరండాలో నా పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

"ఇంటికి తెల్ల మూతవి పంపాను కదా వదినా. అవి అయిపోతే అడగాల్సింది. ఎర్రవి ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు?"

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని మొహంలో కనీసం సిగ్గు కోసం వెతికాను. ఉన్నది విసుగు. సరుకు పొరపాటున వేరే లారీ ఎక్కినప్పుడు గుమాస్తా మొహంలో ఉండే విసుగు.

"తెల్లవి మంచి పళ్ళతో చేసినవా?"

"మరి? ఇంట్లోవాళ్ళకి అవి పెడతానా?" అన్నాడు, నేనే అతన్ని అనుమానించి తప్పు చేసినట్టు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మా ఆయన మందుల సంచితో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. సంచి నర్సు బల్ల మీద పెట్టి, జేబులోంచి స్కూటరు తాళం తీశాడు.

"పద" అన్నాడు నాతో. ఎక్కడికని నేను అడగలేదు. దారి కూడా నేనే చెప్పాను.

ఆహార తనిఖీ కార్యాలయంలో అధికారి మా కేంద్రానికి అప్పుడప్పుడూ వచ్చేవాడే. దారిలో ఇంటి దగ్గర ఆగి తెచ్చిన, కొట్టతని దగ్గర తీసుకున్న ఆ ఉబ్బిన సీసా బల్ల మీద పెట్టాను. మూత మీద వేలు వేసి ఒకసారి నొక్కి చూశాడు. ఆ మధ్యాహ్నమే మనుషుల్ని తీసుకుని షెడ్డుకి వచ్చాడు.

డ్రమ్ము మూత తీసినప్పుడు అధికారి దగ్గర పనిచేసే కుర్రవాడు బయటికి పరిగెత్తి కాలవలో కక్కాడు. బుజ్జులు మాత్రం టోపీ సర్దుకుని నిలబడ్డాడు.

"ఎవరు నేర్పారయ్యా నీకీ పని?" అడిగాడు అధికారి.

"మా వదినే సార్. ఆవిడ చెప్పిందే చేశాను. ఎదురుగానే ఉందిగా, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. పనివాళ్ళు, బయట మూగిన జనం, అధికారి. ఇంత అసహ్యం ఆ డ్రమ్ములో చూసినప్పుడు కూడా కలగలేదు.

"నేర్పింది నేనే సార్" అన్నాను. "పారెయ్యమని నేర్పాను. ఆ ఒక్కటీ నేర్చుకోలేదు."

షెడ్డు వెనక గొయ్యి తవ్వి, సీసాలు పగలగొట్టి, బ్లీచింగు చల్లి పూడ్చారు. తలుపుకి సీలు వేశారు. అది పూర్తయ్యేదాకా మా ఆయన అక్కడే నిలబడ్డాడు. సీసాలతో పాటు గోతిలో పడుతున్న లేబుళ్ళని చూస్తున్నాడో లేదో నాకు తెలీదు. మర్నాడు ప్రెస్సులో మిగిలినవన్నీ కట్టలతో సహా పొయ్యిలో వేశాడు.

అత్తగారు ఇంటికొచ్చాక ఆవిడకి మేం ఏమీ చెప్పలేదు. షెడ్డు ఎందుకు మూశారని ఆవిడే నిలదీసింది. నన్ను కాదు, పెద్ద కొడుకుని. ఆయన చెప్పాడు. ఎర్ర మూతలు బయటివాళ్ళకి, తెల్ల మూతలు మనకి అని. నువ్వు ఎర్ర మూత సీసా తెచ్చుకుని తింటుంటే తెలిసి కూడా వాడు చూస్తూ కూర్చున్నాడమ్మా అని.

ఆవిడ తలెత్తి పెద్ద కొడుకు మొహంలోకి చూసింది.

"నువ్వూ చూస్తూ కూర్చున్నావుగా" అంది.

ఆవిడ లేచి గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. కాసేపటికి నేను వెళ్ళి చూస్తే అద్దం అంచున అంటించిన లేబుల్ని గోటితో గీకుతోంది. జిగురు గట్టిది. మొహం సగం వచ్చింది, సగం రాలేదు. తడిగుడ్డ తెస్తానన్నాను. వద్దంది.

బుజ్జులుకి పెద్దగా ఏమీ కాలేదు. జరిమానా వేశారు, కొన్నాళ్ళు ఆఫీసుల చుట్టూ తిప్పారు. ఈలోగా వేరే ఊళ్ళో పెద్ద కంపెనీవాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. చేపలూ మాంసమూ డబ్బాల్లో పెట్టే కంపెనీ. తెల్లకోటు వేసుకుని తీయించుకున్న ఫోటో వాళ్ళమ్మకి పంపాడు. నిలవ చేసే పని ఇంత క్షుణ్ణంగా తెలిసినవాడు దొరకడని వాళ్ళు మురిసిపోయారట. కొట్లో ఆ కంపెనీ డబ్బాలు కనిపిస్తే ఇప్పటికీ నేను ఆ వరస దాటి నడుస్తాను.

మొదటి వానలు పడ్డాక రోడ్ల మీది ఎర్ర మరకలు కొట్టుకుపోయాయి. ఒక సాయంత్రం నేను వసారాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. అత్తగారు ఎదురుగా కుర్చీలో ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ పని ఏమీ ముట్టుకోవడం లేదు, ఊరికే వాన చూస్తూ కూర్చునేది. ఫోను మోగింది. చెవి సరిగా వినపడదని ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది.

"అమ్మా, బాగున్నావా? వదిన ఉందా? ఒకసారి ఫోనివ్వు, చిన్న డౌటు అడగాలి."

ఆవిడ నా వైపు చూసింది. నేను చేతిలో కాయతో అలాగే ఉండిపోయాను.

"ఏం డౌటురా?"

"నీకు తెలీదులే అమ్మా. చేపలు కొంచెం వాసనొస్తున్నాయి, ఏం కలపాలో అడుగుదామని. వదినకైతే ఠక్కున తెలుస్తుంది."

వాన చప్పుడు పెరిగింది. ఆవిడ ఫోనుని మొహానికి కాస్త దూరంగా పట్టుకుంది.

"లేదురా" అంది.

"ఎప్పుడొస్తుంది?"

"రాదు."

"అదేంటమ్మా? మరి నేనెవర్ని అడగను?"

"ఇక్కడ నీకు నేర్పేవాళ్ళెవరూ లేరు" అంది ఆవిడ. అవతల అతను ఇంకా ఏదో అంటుండగానే ఫోను పెట్టేసింది.

లోపలికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. నా ఎదురుగా నేల మీద చతికిలబడి, బుట్ట తన వైపు లాక్కుని, ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.